మాణిక్యాంబ బొట్టు దిద్దుకున్న అద్దం

నేను ఒక గోడ అద్దాన్ని. చిన్నదాన్నే, ఒక్క ముఖం పట్టేంత. మాణిక్యాంబ రోజూ నాలో ముఖం చూసుకునేది, ఇంట్లోవాళ్లు రోజూ ఆమె ముఖం చూసేవారు. అయినా ఆమెకు ఏమవుతోందో ఒక్కరికీ కనబడలేదు.

నాకు టేకు చట్రం బిగించింది ఆమె భర్త, వడ్రంగి వీరభద్రాచారి. పెళ్లైన కొత్తలో ఆమెను గోడ పక్కన నిలబెట్టి, బొట్టు సరిగ్గా నా నడిమధ్యకు వచ్చేట్టు కొలిచి మేకు కొట్టాడు. ఆచారి కొలత తప్పదని ఊళ్లో పేరు. ఆ పేరే మా కొంప ముంచింది.

మాణిక్యాంబకు ముప్పై నాలుగేళ్లకే గర్భసంచి, అండాశయాలు తీసేశారు. వేరే మందేమైనా ఉందా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మా వీధిలో చాలామంది ఆడవాళ్లది అదే కథ. నెలనెలా బాధ వదిలిందని ఆమె సంబరపడింది కూడా. తర్వాత మోకాళ్ల నొప్పులకు సందు చివరి ఆర్‌ఎంపీ చిన్న తెల్ల మాత్రలిచ్చాడు. వేసుకోగానే నొప్పి మాయం, అందుకే ఏళ్ల తరబడి మింగింది. అవి స్టెరాయిడ్లని ఎవరు చెప్పారు గనుక?

యాభై దాటాక నాలో ఆమె గడ్డం కనబడటం మానేసింది. అద్దం పైకెక్కినట్టుందని భర్తతో అంది. ఆచారి రసమట్టం తెచ్చి గోడ చూశాడు, నేల చూశాడు, పాత ఇల్లు కదా, నేల కుంగిందని తేల్చాడు. నన్ను రెండు వేళ్లు కిందికి దించాడు. కొన్నేళ్లకు మళ్లీ దించాడు. ఆమె వీపు వంగుతుంటే వయసు మీదపడిందని నవ్వుకున్నారు. ఆ మనిషి కొలవనిదల్లా తన భార్యనే!

మొన్న కార్తీకంలో ఒక పొద్దున కుంకుమ పెట్టుకుని వెనక్కి తిరిగింది. కాలు గోనెపట్టాకు తగిలి పక్కకు ఒరిగింది. అంతే, కూర్చున్నట్టే పడింది. ఠక్కున చప్పుడైంది. ఆచారి చెక్క విరుస్తున్నాడనుకున్నాను. అది ఎముకంటే ఎలా నమ్మను?

తుంటి విరిగింది. ఎముకలు గుల్లబారి వెన్నులో రెండు పూసలు ఎప్పుడో నలిగిపోయాయని, అందుకే మనిషి పొట్టిదైందని ఆస్పత్రిలో చెప్పారట. నెలసరి ఎప్పుడు ఆగింది, ఏ మాత్రలు వాడారు, మీ అమ్మకు తుంటి విరిగిందా అని డాక్టరమ్మ అడిగిందట, చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారేది వీటివల్లేనందట. మాణిక్యాంబ తల్లి కూడా ఇలాగే పడి మళ్లీ లేవలేదు. కూతురు సుగుణ ఇవన్నీ ఇరుగుపొరుగుకు చెబుతుంటే నేను గోడకు అతుక్కుపోయాను.

ఆపరేషనయ్యాక మాణిక్యాంబ వాకరు పట్టుకుని ఇంటికొచ్చింది. వాకరు లేకుండా నడుస్తుందో లేదో ఎవరూ చెప్పలేదు. మంచం మీద కూర్చున్న భార్యకు కనబడాలని ఆచారి సుత్తి తీసుకుని నా దగ్గరికొచ్చాడు. సుగుణ ఆయన చెయ్యి పట్టుకుంది.

"అద్దం దించకు నాన్నా. నాకూ ముప్పై రెండేళ్లకే అన్నీ తీసేశారు కదా. నేనూ ఆ మాత్రలే వేసుకుంటున్నాను. డాక్టరమ్మ అమ్మను అడుగుతుంటే ప్రతిదానికీ నేను లోపల అవునంటూనే ఉన్నాను."

ఆచారి అలవాటుగా గోడకేసి తిరిగాడు. మంచం మీంచి మాణిక్యాంబ గొంతు వినబడింది.

"ఈసారి గోడను కాదండీ, పిల్లను చూడండి."

ఆచారి సుత్తి కింద పెట్టాడు.