దూకేముందు ఆగిన చోటు

చల్లకొచ్చి ముంత దాచడమెందుకు? మా తోడికోడలంటే నాకు కడుపుమంట. అది ఎప్పుడు రాజుకుందో కూడా చెప్పగలను. మా మేడ కింద కుట్టుమిషను పెట్టుకున్న టైలరు నా కోటుకి ఊడిపోయిన బొత్తాలు కుట్టి ఇస్తూ అన్న ఒక్క మాటతో రాజుకుంది.

"మధ్యాహ్నం పూట మీరు పియానో వాయిస్తుంటే నేను మిషను ఆపేస్తానండి," అన్నాడు. "పొద్దున వాయించేది ఏదో కసరత్తులా ఉంటుంది. మధ్యాహ్నం వాయించేదే పాట."

మధ్యాహ్నాలు నేను ఇంట్లో ఉండను. సంగీతం బళ్ళో పిల్లల పక్కన కూర్చుని వాళ్ళ వేళ్ళు సరిచేస్తుంటాను. మా ఆయన, మరిది పనులకి పోతారు. మా అమ్మాయి స్కూలుకి పోతుంది. ఇంట్లో మిగిలేది మా తోడికోడలు ఒక్కతే. నోట్లో వేలు పెట్టినా కొరకదని ఇంటిల్లిపాదీ మెచ్చుకునే మనిషి.

కోటు తీసుకుని మెట్లెక్కాను. ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"నువ్వు పియానో వాయిస్తావా?" అని అడిగాను.

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. "పెళ్ళికి ముందు నేర్చుకున్నానక్కా. తర్వాత మానేశాను. నువ్వు లేనప్పుడు అప్పుడప్పుడూ మూత తీసి, నువ్వు పొద్దున వాయించే పాటే వాయిస్తుంటాను. నీకు కోపం వస్తుందేమోనని చెప్పలేదు."

"కోపమెందుకు?" అన్నాను. అప్పటికే వచ్చేసింది.

కోపం పియానో ముట్టుకున్నందుకు కాదు. ఆ పియానో మీద నేను రోజూ పొద్దున్నే లేచి అరగదీసే పాటను టైలరు కసరత్తు అన్నాడు. అదే పాట ఈమె దొంగచాటుగా వాయిస్తే మిషను ఆపేశాడు. అసలు సంగతి అది.

ఆ పాట ఒక నాక్టర్న్. అంటే రాత్రిని తలుచుకుని పియానో కోసం కట్టిన పాట. వినేవాళ్ళకి జోలపాటలా ఉంటుంది గానీ వాయించేవాళ్ళకి నిద్ర పట్టనివ్వదు. ఎడమ చెయ్యి అడుగున ఒక స్వరం తాకి, మధ్యకి వచ్చి రెండు మూడు స్వరాలు కలిపి మెత్తగా నొక్కి, మళ్ళీ అడుక్కి పోవాలి. పాటంతా దానికి ఇదే చాకిరీ. కుడి చెయ్యి మాత్రం పైన తీరిగ్గా పాడుకుంటుంది, మెప్పంతా కొట్టేస్తుంది. వేగంగా పరిగెత్తే పాటల్లో తప్పు దొర్లినా గుంపులో గోవిందా అన్నట్టు పోతుంది. ఇందులో ఒక్కో స్వరం ఒంటరిగా నిలబడి నీ మొహం చూస్తుంది. అన్నీ సరిగ్గా పడ్డా పాట రాకపోవచ్చు. దాంతో వచ్చిన తంటా అదే.

సంగీతం బడి ఏటా పెట్టే కచేరీలో ఈ నాక్టర్న్ చివరి అంశం. ఏళ్ళ తరబడి అది నాదే. వాయించి లేచాక జనం వచ్చి, "ఎంత శుభ్రంగా వాయించారండీ," అనేవాళ్ళు. నేను పొంగిపోయేదాన్ని. శుభ్రం అన్నది తోమిన గిన్నెలకి చెప్పే మాటని టైలరు పుణ్యమా అని ఈ ఏడే తెలిసింది.

ఈ ఏడు కచేరీ మామూలుది కాదు. నాకు చిన్నప్పట్నించీ పాఠం చెప్పిన మాస్టారు బడి నుంచి తప్పుకుంటున్నారు. ఆయన ముందు నిలబడి నేనేం నేర్చుకున్నానో చూపించుకోవడానికి నాకు మిగిలింది ఆ ఒక్క పాటే. ఆయన నన్ను ఎన్నడూ శుభ్రం అని కూడా అనలేదు. "సరే, వెళ్ళు," అనేవారు. ఈసారైనా ఇంకో మాట అంటారని ఆశ.

కచేరీలో ఎవరేం వాయించాలో మాట్లాడుకోవడానికి ఒకరోజు బడి నుంచి మాస్టారిని వెంటబెట్టుకుని త్వరగా ఇంటికొచ్చాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి పైనుంచి నాక్టర్న్ వినిపిస్తోంది. ఆమె రెండో పేజీ చివర్లో ఉంది. అక్కడ రాగం మెల్లగా పైకెక్కుతూ పోయి, ఉన్నట్టుండి ఎక్కడో చాలా పైనున్న స్వరం మీదికి దూకాలి. చెయ్యి దూకేముందు ఆమె ఆగింది. పాట తెగిపోయిందేమో అనుకునేంత సేపు ఆగింది. తర్వాత ఆ పై స్వరం, అడగడానికి మొహమాటపడుతున్న మనిషి మాటలా, చాలా నెమ్మదిగా వచ్చింది.

మాస్టారు రెయిలింగు పట్టుకుని మెట్టు మీద ఉన్నపళంగా ఆగిపోయారు. పాట అయ్యేదాకా కదల్లేదు. పైకి వచ్చాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళు తడవడం నేనెప్పుడూ చూడలేదు.

"చివరి పాట ఈ అమ్మాయి వాయిస్తుంది," అన్నారు. "నువ్వు మొదటి సగంలో నీకిష్టమైంది ఏదైనా వాయించమ్మా."

ఏకు మేకై కూర్చుందంటే ఇదే కదా. "తప్పకుండా మాస్టారూ," అన్నాను. నా నోరు నవ్వింది. లోపలంతా కాలుతోంది.

ఆ వారమంతా కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. ఆమె ఇల్లు ఊడుస్తుంటే చేతులు చూసేదాన్ని. పెద్ద చేతులు, పొడుగాటి వేళ్ళు, ఎవరూ నేర్పకుండానే వచ్చినవి. నావి చిన్న పిల్లల చేతులు. ఆమె చేసిన ప్రతి పనిలోనూ వంక పెట్టాను. టీలో చక్కెర ఎక్కువైందన్నాను, తువ్వాళ్ళు తడి ఆరలేదన్నాను. ఆమె "సరే అక్కా," అని ఊరుకునేది. ఎదురు తిరిగినా బాగుండేది, హాయిగా పోట్లాడుకునేవాళ్ళం.

చివరికి నాకు పట్టుకోవడానికి ఒకటి దొరికింది. స్వరాలు అచ్చయిన కాగితం తీసి చూశాను. ఆ దూకే చోట ఆగమని ఎక్కడా లేదు. తాళం ఆగకుండా సాగిపోవాలి. పరిగెత్తుకుంటూ వెళ్ళి మాస్టారికి చూపించాను.

"ఆమె అక్కడ ఆగుతోంది మాస్టారూ. అది తప్పు. కాగితంలో లేదు."

"లేదు," అన్నారు ఆయన. "నాకు తెలుసు. నువ్వు గనక దాన్ని సరిచేశావంటే ఊరుకోను."

తలవంచుకుని ఇంటికొచ్చాను. కానీ మనసు ఊరుకుంటుందా? ఆమె వంటింట్లో పాల దగ్గర నిలబడి ఉంది. వెళ్ళి నిలదీశాను.

"రెండో పేజీ చివర అలా ఆగమని నీకెవరు చెప్పారు?"

ఆమె నావైపు వింతగా చూసింది. "నువ్వే కదక్కా."

"నేనా?"

"నువ్వు రోజూ పొద్దున అక్కడ ఆగుతావు కదా. నేనిక్కడ పని చేసుకుంటూ వింటుంటాను. నువ్వు ఆ చోటుకి వస్తున్నావంటే నేనూ గరిటె పట్టుకుని ఆగిపోతాను. ఎన్నిసార్లు పాలు పొంగిపోయాయో. అంత కష్టమైన మాట చెప్పేముందు ఊపిరి తీసుకుంటున్నావనుకునేదాన్ని. నాకు ఆ పాటలో అన్నిటికన్నా ఇష్టమైంది అదే."

గోడలకి చెవులుంటాయంటారు. మా ఇంట్లో వంటింటికి ఉన్నాయి.

నేను ఆగేది ఊపిరి కోసం కాదు. మాస్టారు మమ్మల్ని పెంచిన పద్ధతి అది. చెయ్యి దూరం దూకాల్సి వస్తే, సాధన చేసేటప్పుడు దూకేముందు ఆగు, ఎక్కడికి దూకాలో చూడు, వేలు ఆనించు, అప్పుడు నొక్కు అనేవారు. చిన్న చేతులున్న నాకు ఆ చోట భయం ఎక్కువ, కాబట్టి మరీ ఎక్కువసేపు ఆగేదాన్ని. కచేరీ హాల్లో మాత్రం ఆగకూడదు. ఆగితే తప్పిపోయిందనుకుంటారు. అందుకే కచేరీలో ఆ చోట కాస్త తొందరపడి, కాలి కింద పెడల్ నొక్కి స్వరాన్ని సాగదీసి, అతుకు కనబడకుండా దాటేసేదాన్ని. పియానో నేర్చుకున్న ఎవరికైనా ఇది తెలుసు. సాధన వేరు, పాట వేరు.

"కచేరీలో నేను అక్కడ ఆగను," అన్నాను.

"అవునా? నేనెప్పుడూ రాలేదు కదక్కా," అంది, పాల కింద మంట తగ్గిస్తూ.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నేను గెలిచేదాన్ని. నిజమే, ఆమె ఏనాడూ హాలుకి రాలేదు. కచేరీ రోజున మగవాళ్ళిద్దరూ కుర్చీలు సర్దడానికి పోయేవాళ్ళు. పిల్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. మొదట పిల్ల పసిదని ఆమె ఉండిపోయింది, తర్వాత అదే అలవాటైంది. నా పాట హాల్లో ఎలా ఉంటుందో ఇంట్లో ఒక్క ఆమెకే తెలియదు. ఆమెకి తెలిసింది నేను తడుముకున్న పాట. దాన్నే పాటనుకుని నేర్చుకుంది.

దీంతో మంట చల్లారిందనుకుంటే పొరపాటు. పుండు మీద కారం చల్లినట్టయింది. ఇంకొకరికి ఉన్నది చూసి ఏడవడం ఒక ఎత్తు. నేను సిగ్గుపడి దాచుకున్నది ఇంకొకరు ధీమాగా బయటపెట్టి మాస్టారిని ఏడిపిస్తే, దాన్ని చూసి ఏడవడం ఇంకో ఎత్తు. ఏడవడానికి కూడా హక్కు లేదు, ఎందుకంటే అది నాదే.

కచేరీ రోజు మధ్యాహ్నం మా అమ్మాయికి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. మగవాళ్ళు అప్పటికే కుర్చీల కోసం వెళ్ళిపోయారు. డాక్టరుకి ఫోను చేస్తే మందు చెప్పి, పిల్లను కదిలించవద్దన్నారు. మేమిద్దరం తయారై నిలబడి ఉన్నాం. కింద టాక్సీ వచ్చి హారను కొట్టింది.

మా తోడికోడలు చెప్పులు విడిచేసింది. ఆలోచించినట్టు కూడా లేదు.

"నువ్వెళ్ళక్కా, నేనుంటాను. మాస్టారితో చెప్పి చివరి పాట నువ్వే వాయించెయ్. ఎప్పుడూ నీదేగా."

నాకు సంతోషం వేసింది. అబద్ధం చెప్పను, కన్నబిడ్డకి జ్వరం ఉన్నా సంతోషం వేసింది. "పాపం, నీకు ఇలా జరిగిందేమిటి," అని పైపై మాట ఒకటి పడేసి గబగబా దిగిపోయాను.

కింద టైలరు ఇస్త్రీ చొక్కా వేసుకుని షాపు షట్టరు లాగుతున్నాడు.

"హాలుకేనండి," అన్నాడు. "మీ చెల్లెలుగారు పిలిచారు. మీ మధ్యాహ్నం పాట ఇవాళ చివర్లో ఉందటగా."

నేను ఏదో అనబోతుండగా పైన పియానో మొదలైంది. పిల్ల ఏడవకుండా ఆమె వాయిస్తోంది. టైలరు పైకి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మళ్ళీ పైకి చూశాడు.

"ఇన్నాళ్ళూ మీరే అనుకున్నానండి," అన్నాడు నెమ్మదిగా.

రెండో పేజీ చివరికి వచ్చింది. ఆగింది. టైలరు చేతిలో షట్టరు సగంలో ఆగిపోయింది. టాక్సీవాడు కూడా హారను మీద నుంచి చెయ్యి తీశాడు. ఆ పై స్వరం పడ్డాకే ముగ్గురం ఊపిరి తీసుకున్నాం.

నేను మంచిదాన్నయిపోయి వెనక్కి తిరిగానని ఎవరూ అనుకోవద్దు. లెక్క చూసుకున్నాను. హాల్లో నేను కూర్చుంటే, ఆ చోట మాస్టారు చెవి రిక్కిస్తారు. ఆగకపోతే ఆమెను తలుచుకుంటారు. ఆగితే ఆమెను చూసి ఆగాననుకుంటారు. ఎటు చూసినా ఆ హాల్లో ఉండేది ఆమే. ఇంక నేనెందుకు? అదీగాక నా బిడ్డ పక్కన ఇన్నేళ్ళూ కూర్చున్న మనిషిని ఇవాళ కూడా కూర్చోబెట్టి పోతే, రేపు పొద్దున సాధనకి కూర్చున్నప్పుడు వంటింట్లోంచి ఎవరు వింటున్నారో నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

పైకెళ్ళి, "లే, టాక్సీ కింద ఉంది," అన్నాను.

"అక్కా, పిల్ల..."

"పిల్ల నాది. లే."

ఆ మాట కొంచెం గట్టిగానే వచ్చింది. ఆమె కళ్ళు నిండాయి. చెప్పులు తొడుక్కుంటూ, "ఒక్కసారైనా నువ్వు హాల్లో వాయిస్తే విందామని ఉండేదక్కా," అంది.

"నయమైంది, వినలేదు," అన్నాను. నేను వేళాకోళమాడాననుకుని నవ్వి వెళ్ళిపోయింది.

తలుపు వేసి, తడిగుడ్డ పిండి పిల్ల నుదుటి మీద వేశాను. మందు పని చేసి కాస్త చెమట పట్టింది. కిటికీ బయట ఇంకా వెలుగుంది. హాల్లో ఈపాటికి మొదటి సగం మొదలై ఉంటుంది. ఊరికే కూర్చోలేక పియానో దగ్గరికి వెళ్ళాను. ఎవరూ లేరు, మాస్టారు లేరు, శుభ్రం అనేవాళ్ళు లేరు. ఇవాళ ఆ చోట నా ఇష్టమొచ్చినంత సేపు ఆగుదామనుకున్నాను.

మొదటి పేజీ బాగానే నడిచింది. రాగం పైకెక్కింది. ఆగాలి అనుకునేలోపే చెయ్యి దూకేసింది, కాలు పెడల్ నొక్కేసింది, అతుకు మాయమైంది. మళ్ళీ ఆ పేజీ మొదట్నించీ వాయించాను. మళ్ళీ అంతే. మూడోసారి బలవంతంగా ఆపాను. అది ఆగినట్టు లేదు, మరిచిపోయినట్టు ఉంది. ఇన్నేళ్ళూ పొద్దున్నే ఏ భయంతో ఆగానో ఆ భయం, ఆగి తీరాలనుకున్న రోజున రాలేదు.

"అమ్మా," అంది పిల్ల సోఫాలోంచి, నీరసంగా. "పిన్ని అక్కడ ఆగుతుంది."

"తెలుసు," అన్నాను. ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేకపోయాను. "పిన్నికి అది నేనే నేర్పాను."

పిల్ల కాసేపు పైకప్పు చూసింది.

"మరి నువ్వెందుకు ఆగవు?" అని అడిగింది.

పేజీ వెనక్కి తిప్పి, ఎడమ చెయ్యి అడుగు స్వరం మీద పెట్టాను.