మాట అందని మూల

పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిన ఆ మూలకి బల్ల ఎందుకు ఈడ్చుకున్నట్టు, కిటికీ పక్కన నిక్షేపంలాంటి చోటు పెట్టుకుని, మొహం మీద వెలుతురు పడితే ఎంత కళగా ఉంటుంది పిల్ల, స్టేజీ ఎక్కిన ఎవరినైనా అడగండి, సగం నటన వెలుతురే చేసిపెడుతుంది, పొద్దున్నే కూతురికి చెప్పింది కూడా, ఉడతా, ఇంటర్వ్యూలో మొహం కనపడాలి, బల్ల ఇటు తిప్పవే అని, వింటేగా, బీరువాకీ దుప్పట్ల అరకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది, పైగా నాటకాల హాల్లో పాతబడి పారేస్తుంటే తను మోసుకొచ్చిన నల్ల మఖమల్ తెర ముక్క ఉందే, దాన్ని తీసి తలుపుకీ బల్లకీ మధ్య తాడు కట్టి మరీ వేలాడదీసింది, ఎందుకే ఈ వేషాలు అంటే ఉండనీలే అమ్మా అంది, సరే, ఉండనీ, ఏం పుట్టి మునిగింది, చీకట్లో కూర్చున్నా వెలిగే పిల్లే తన పిల్ల, అనుకుంటూ ప్రాంప్టరమ్మ మూసిన తలుపు పక్కకి ముక్కాలిపీట జరుపుకుంది, వినడానికి కాదు, ఊరికే కూర్చోవడానికి, ఇంట్లో ఇంకెక్కడా కూర్చునే చోటు లేనట్టు.

నాటకాల హాలంతా ఆమెని పిలిచేది ఆ పేరుతోనే, స్టేజీ పక్క వింగులో స్టూలు, ఒళ్ళో స్క్రిప్టు, దాని మీద చిన్న లైటు, మహారాజు వేషగాడికైనా మాట జారిపోతే చటుక్కున అందించడం ఆమె పని, అందుకోవాల్సిన వాడికి తప్ప మొదటి వరసలో వాడికి కూడా వినపడకూడదు, పెదాలతో కాదు, పళ్ళ వెనక నుంచి, ఊపిరి తక్కువ, మాటకి అంచు ఎక్కువ, ఇన్నేళ్ళలో మీ గుసగుస అందలేదమ్మా అన్న నటుడు లేడు, మాకు వినపడింది అన్న ప్రేక్షకుడూ లేడు, ఆ సంగతి ఎవరి ముందైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్తుంది, మరి అంత చెయ్యి తిరిగిన మనిషి కన్నకూతురి చదువు దగ్గర చేతులు ముడుచుకుని కూర్చుంటుందా, స్కూల్లో ఆఖరి సంవత్సరం అనగానే నడుం బిగించింది, ఏ కాలేజీ మంచిది, ఏ కాలేజీ వాళ్ళు ఏం అడుగుతారు, ఆఖరికి అప్లికేషన్ అన్న మాట వినపడితే చాలు ఉడత నాన్న బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకునే దాకా వచ్చింది, నీ గురించి నువ్వే రాసి పంపు అని కాలేజీల వాళ్ళు అడిగితే ఉడత నాలుగు వాక్యాలు రాసి పెన్ను కొరుక్కుంటూ కూర్చుంది, నాలుగు వాక్యాలకి సీటెవరిస్తారే తల్లీ, ఇక్కడో మాట అందించింది, అక్కడో మాట అందించింది, తీరా చూస్తే అందులో ఉడతది ఒక్క వాక్యం మిగల్లేదు, క్లాసు టీచరు చదివి, చాలా బాగుందండీ, కాకపోతే పదిహేడేళ్ళ పిల్ల రాసినట్టు లేదు, యాభై దాటినావిడ రాసినట్టుంది అంది, యాభై దాటడానికి ఇంకా బోలెడు టైముందమ్మా అని ఒళ్ళు మండింది గాని, ఒక్క అక్షరం మార్చకుండా పంపించింది, రెండు కాలేజీలూ వద్దన్నాయి, పోనీ, వాళ్ళకి రాసిపెట్టి లేదు.

ఈ కాలేజీని మాత్రం అలా పోనీ అనడానికి లేదు, ఇది ఉడత తనంతట తను వెతుక్కున్న కాలేజీ, భవనాలు కట్టడం నేర్పే కాలేజీ, నాకిది కావాలమ్మా అంది, బుద్ధెరిగాక ఆ పిల్ల నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం అదే మొదలు, ఇచ్చింది పుచ్చుకుని గప్‌చిప్‌గా ఏ మూలో దాచుకునే రకం, ఉడత అన్న పేరు ఊరికే రాలేదు, అలాంటి పిల్ల కావాలి అంటే ఇంక వెనకాడుతుందా, కాలేజీ వాళ్ళు మీరు రానక్కర్లేదు, ఇంట్లోంచే కంప్యూటర్లో మాట్లాడండి అన్నారు, అన్నవాళ్ళు ఊరుకోక షరతులు పెట్టారు, గదిలో ఇంకెవరూ ఉండకూడదు, చెవుల్లో ఏమీ పెట్టుకోకూడదు, పక్కనుంచి ఇంకో గొంతు వినపడిందా, ఇంటర్వ్యూ అక్కడికక్కడే సరి, మళ్ళీ అవకాశం లేదు, అది విని ఈయన, లిఫ్టులు బాగుచేసే మనిషి, ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య రెండంతస్తులు ఎక్కి దిగేంత టైము తీసుకునే మనిషి, గోడకి ఆనుకుని, అయితే మనిద్దరం ఆ కాసేపూ అలా బయటికి, అన్నాడు, వెళ్ళొద్దామంటారు, అంతేగా, ఏం అక్కర్లేదు, నా నోరు నా అదుపులో ఉంటుంది, నోటితో బతుకుతున్నదాన్ని, అది ఎప్పుడు మూసుకోవాలో నాకు ఒకరు చెప్పాలా అని అక్కడికక్కడే తేల్చేసింది, ఆయన మిగతా సగం మాట ఎప్పట్లాగే మింగేసి వంటింట్లోకి వెళ్ళాడు, పెళ్ళయినప్పట్నుంచీ ఆ మనిషి ఒక వాక్యం చివరిదాకా చెప్పగా చూసినవాళ్ళు లేరు, అవసరమేముంది, ఏమంటాడో ఆమెకి తెలిసినప్పుడు.

ఆఁ, మొదలైంది, బొంగురు గొంతాయన, సన్న గొంతావిడ, ఇద్దరే ఉన్నట్టున్నారు, ఉడత నమస్కారం చెప్పింది, బావుంది, గొంతు వణకలేదు, తలుపు సందుకి చెవి ఆనించగానే ప్రాంప్టరమ్మకి ఒళ్ళంతా అలవాటైన హాయి, వింగులో కూర్చున్నట్టే ఉంది, ఒళ్ళో స్క్రిప్టు లేదన్న మాటే గాని, స్క్రిప్టు దేనికి, నెల్లాళ్ళుగా భోజనాల బల్ల దగ్గర గొంతు లావు చేసుకుని తనే పెద్ద ప్రొఫెసరైపోయి అడగలేదూ, ఊఁ చెప్పమ్మా, నీకు ఇష్టమైన భవనం ఏది, ఉడత నవ్వాపుకోలేక నీళ్ళు పొలమారించుకోలేదూ, ఇదిగో సన్న గొంతావిడ అదే అడిగింది, అడుగుతుందని చెప్పానా, ఉడత అప్పజెప్పేసింది, రైల్వే స్టేషన్, ఎండ పైకప్పులోంచి పలకలు పలకలుగా దిగుతుంది, ఆ పలకలు తను అందించిన మాటే, శభాష్, లెక్కల గురించి అడిగారు, చెప్పింది, బొమ్మలు వేస్తావా అన్నారు, చెప్పింది, ఎక్కడా తొట్రుపాటు లేదు, ప్రాంప్టరమ్మ పెదాలు పిల్ల మాటలతో పాటే కదులుతున్నాయి, ఒక్క పొల్లు పోలేదు, ఇంక ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది, అసలు ప్రశ్న, అదీ అడిగేస్తే గట్టెక్కినట్టే, అడగవయ్యా బాబూ అనుకుంటుండగానే బొంగురు గొంతాయన గొంతు సవరించుకున్నాడు, అన్నీ బాగానే ఉన్నాయమ్మా, ఇంతకీ ఈ చదువే ఎందుకు.

దీనికి జవాబు బంగారం, తనే అల్లింది, మా నాన్నగారు లిఫ్టులు బాగుచేస్తారండి, అందరూ భవనాలని బయటినుంచి చూస్తే నేను లోపల్నుంచి చూస్తూ పెరిగాను, వినేవాడెవడైనా సరే లేచి కూర్చోవాలి, అను ఉడతా, మా నాన్నగారు, అను, ఉడత అనలేదు, ఊఁ, గుక్క తిప్పుకుంటోంది, ఫరవాలేదు, మా నాన్నగారు, ఇంకా అనలేదు, కుర్చీ కిర్రుమంది, మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు, ఏమైందే, నిన్న రాత్రి కూడా గడగడా చెప్పావు కదే, ఆగు, కంగారు పడకు, మర్చిపోవడం వేరు, ఆగడం వేరు, ఆ తేడా తనకి తెలిసినట్టు ఎవరికి తెలుసు, కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఓ పెద్ద నటుడు జడ్జి వేషం కట్టి, తీర్పు చెప్పబోయే ముందు హాలంతా ఊపిరి బిగబట్టేలా ఆగాడు, మర్చిపోయాడేమో అనుకుని తను వింగులోంచి నిర్దోషి, నిర్దోషి అని అందించేసింది, విరామంలో ఆయన వింగు దగ్గరికొచ్చి తిట్టలేదు, నవ్వాడు, అమ్మాయ్, మర్చిపోతే నా భుజాలు పైకి లేస్తాయి, ఆగితే కిందే ఉంటాయి, భుజాలు చూసి నోరు తెరువు అన్నాడు, ఆ రోజు నుంచీ ఆమె భుజాలు చూడకుండా నోరు తెరిచింది లేదు, కానీ ఇక్కడ భుజాలేవీ, తలుపు, తలుపు అవతల తెర, తెర అవతల పిల్ల, ఏమీ కనిపించదు, ఈ కాలేజీ పోతే ఉడత ఏడవదు, సరేలే అమ్మా అంటుంది, ఆ సరేలే వినడం తన వల్ల కాదు, ఆ ఒక్కటీ తన వల్ల కాదు, బొంగురు గొంతాయన, ఏమ్మా, వినపడుతోందా అన్నాడు, మా నాన్నగారు లిఫ్టులు, మా నాన్నగారు లిఫ్టులు బాగుచేస్తారండి.

ఎవరన్నారు, తనే అంది, మనసులో కాదు, నోటితో, తలుపు సందులో పెదాలు పెట్టి, పళ్ళ వెనక నుంచి, హాలు చివర నిలబడ్డ నటుడికి చేరేంత పదునుగా, అనేసింది, ప్రాంప్టరమ్మ పైప్రాణాలు పైనే పోయాయి, నాలిక కరుచుకుని కొంగు నోట్లో కుక్కుకుంది, కుక్కుకుంటే ఏం లాభం, ఇన్నేళ్ళలో ఎప్పుడూ గురి తప్పని గుసగుస, ఇప్పుడు మాత్రం తప్పుతుందా, వెళ్ళి పిల్ల చెవిలో పడే ఉంటుంది, పక్కనున్న మైకులో పడే ఉంటుంది, ఇంకో గొంతు వినపడితే అక్కడికక్కడే సరి అన్నారు, అయిపోయింది, చేతులారా చేసింది, వంటింటి గుమ్మంలో ఈయన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి చూస్తున్నాడు, ఆయనకి వినపడింది, అంత దూరానికి వినపడింది.

మా అమ్మ నాటకాలకి ప్రాంప్టరండి, అంది ఉడత, ఇది స్క్రిప్టులో లేదు, నా చిన్నప్పుడు ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక నన్నూ వింగులోకి తీసుకెళ్ళేది, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని, అక్కణ్ణుంచి నాటకం కనపడదండి, వినపడుతుందంతే, అమ్మ గుసగుసగా అన్న మాట అంత దూరంలో ఉన్న నటుడికి చేరుతుంది, మొదటి వరసలో వాళ్ళకి చేరదు, ఎలా అని అమ్మనడిగితే అదంతా నా గొంతు మహిమే అంది, తొందరపడకుండా, వెతుక్కుంటూ, ఒక్కో మాటా అక్కడికక్కడే పుట్టిస్తున్నట్టు చెప్తోంది ఉడత, గొంతు మహిమ ఉందండి, కానీ హాలు మహిమ కూడా ఉంది, వింగు పక్కన చెక్క గోడ కొంచెం స్టేజీ వైపు తిరిగి ఉంటుంది, మాటని అటు తోస్తుంది, అది తెలిశాక మా ఇంట్లో చూశాను, అమ్మ వంటింట్లోంచి పిలిస్తే అన్ని గదులకీ వినపడుతుంది, బాత్రూంలోకి కూడా, వినపడని చోటు ఒక్కటే ఉంది, నా గదిలో బీరువాకీ దుప్పట్ల అరకీ మధ్య, గుడ్డలు మాటని పీల్చేసుకుంటాయి, మధ్యలో మందపాటి తెర కడితే ఇంక గుసగుస కూడా రాదు, ఈ సంవత్సరమంతా నేను అక్కడే కూర్చుని ఆలోచించుకున్నాను, నాకు అలాంటివి కట్టాలనుందండి, మాట చేరాల్సిన చోటికి చేరే గదులు, ఎవరికైనా కాసేపు తమ మాట తాము వినాలనిపిస్తే అదీ కుదిరే గదులు, మీరు అడగ్గానే చెప్పలేకపోయాను, ఇంకో జవాబు తయారుగా ఉంది, కానీ అది నాది కాదు. సన్న గొంతావిడ, ఇప్పుడెక్కడ కూర్చున్నావమ్మా అంది, ఆ మూలలోనేనండి, మీ అమ్మగారు ఇంట్లో ఉన్నారా, ఉందండి, తలుపు అవతలే ఉంటుంది, ఇందాక నేను ఆగినప్పుడు మాట అందించేసి కూడా ఉంటుంది, నాకైతే వినపడలేదు, మీకేమైనా వినపడిందా. బొంగురు గొంతాయన పగలబడి నవ్వాడు, లేదమ్మా, మాకూ వినపడలేదు, అన్నాడు నవ్వుతూనే, సన్న గొంతావిడ కూడా నవ్వింది, ఆ నవ్వు ఇంకా ఆగకుండానే, ఆ తెర దేంతో చేసింది, ఎంత మందం ఉంటుంది అని అడగడం మొదలుపెట్టారు, ఇలాంటి ప్రశ్నలు భోజనాల బల్ల దగ్గర ఎవరూ అడగలేదు.

ప్రాంప్టరమ్మ కొంగు నోట్లోంచి తీసింది, ముందు కోపమొచ్చింది, నా గొంతు మింగడానికి నా తెరే కట్టిందా గడుగ్గాయి, తర్వాత బాధేసింది, అబద్ధమెందుకు, సంవత్సరమంతా పిల్ల తన మాట అందని చోటు వెతుక్కుని కూర్చుంది, ఆ తర్వాత, ఎక్కణ్ణుంచి వచ్చిందో, కడుపులోంచి గర్వం తన్నుకొచ్చింది, చూశారా, అందరి నోళ్ళూ ఎరిగిన తన నోటిని తనకంటే బాగా ఎరిగిన పిల్ల, తల్లి నోరు ఆగదని పొద్దున్నే తెలుసు దానికి, తలుపేసుకోమనలేదు, బయటికి పొమ్మనలేదు, దెబ్బలాడలేదు, బల్ల జరుపుకుంది, తెర కట్టుకుంది, ఎంత నేర్పు, ఎవరి పోలికే నీకు, ఈయన పిల్లిలా నడిచొచ్చి పక్కన నిలబడి, ఉడత చెప్పిందే, ఆ మూల, అని ఆగాడు, ఆమె నోట్లో మాట ఉంది, ఆ మూల సంగతి మనకి తోచనే లేదు అంటారు, అంతేగా, పళ్ళ వెనక దాకా వచ్చింది, ఆమె ఆయన భుజాల వంక చూసింది, కిందే ఉన్నాయి, నోరు తెరవలేదు, ఆయనే, ఎప్పట్లా మాట అందకపోయేసరికి బిత్తరపోయి, కాస్త సిగ్గుపడి, ఆ మూల నాకూ తెలుసు, రోజూ నువ్వు లేచే లోపు నేనూ అక్కడే పేపరు చదువుకుంటా అన్నాడు, చివరిదాకా, పూర్తి వాక్యం, వార్నీ, ఇద్దరూ ఇద్దరే, నవ్వు బయటికి రాకుండా ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుంది, లోపల బొంగురు గొంతాయన ఇంకేదో అడిగాడు, మళ్ళీ నిశ్శబ్దం, ఇందాకటికంటే పెద్దది, ప్రాంప్టరమ్మ నెమ్మదిగా ముక్కాలిపీట ఎత్తుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గర్నుంచి లేచింది, కనిపించకపోయినా ఇప్పుడు ఆ భుజాలు ఎక్కడున్నాయో ఆమెకి తెలుసు, పిల్ల మర్చిపోలేదు, ఆగింది.