నాలుగో పెట్టె పక్కన స్టూలు

"మీ బిడ్డతో మాట్లాడండి, మీ గొంతే తనకు మొదటి బడి" అని ఆసుపత్రిలో పోస్టరు అంటించింది మీరే. ఆ పోస్టరున్న తలుపుకు గడియ పెట్టిందీ మీరే. సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా తల్లి తల్లే. మిగతా ఇరవైమూడు గంటలూ అద్దం అవతల నిలబడ్డ ఎవరో మనిషి. ఇదేమిటంటే క్రిములంటారు. సబ్బుతో పోయే క్రిమిని చూపించి పసివాళ్ళకు అమ్మ మాట అందకుండా చేశారు.

నెలలు నిండని పిల్లల ఆ గదిని ఆయా పంతొమ్మిదేళ్ళుగా తుడుస్తోంది. అద్దాల పైభాగం అందదని ఇంటి నుంచి ఒక చెక్క స్టూలు తెచ్చుకుంది. ఒక కాలు కురచ. దాని కింద రబ్బరు ముక్క మడిచి పెట్టింది.

ఆ పొద్దున కూడా ఫినాయిలు నీళ్ళలో గుడ్డ పిండుకుంటూ, పిల్లల్ని వెచ్చగా ఉంచే అద్దాల పెట్టెల్లో నాలుగోదాని దగ్గరికొచ్చింది. లోపల బొటనవేలంత చెయ్యి, ముక్కుకు అంటించిన గొట్టం, చర్మం కింద నీలంగా నరాలు.

"ఏమే పిడికెడూ, లేచావా? రాత్రి నాలుగు చుక్కలు తాగావటగా. అబ్బో, పెద్ద భోజనమే!"

అలా అన్ని పెట్టెలతోనూ మాట్లాడుతుంది. తన కూతురూ ఏడో నెలలోనే పుట్టి నలభై రోజులు ఇలాంటి పెట్టెలోనే ఉంది. ముట్టుకోవద్దన్నారు, ముట్టుకోలేదు. మాట్లాడమని ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లకు నాలుగేళ్ళు దాటాక గానీ మాట రాలేదు. ఇప్పటికీ కొట్లో ఏదైనా కావాలంటే వేలితోనే చూపిస్తుంది. దీనివల్లే అలా అయ్యిందని ఏ డాక్టరూ రాసివ్వడు. ఆయాకు మాత్రం ఆ నలభై రోజులు గొంతులో ముల్లులా అలాగే ఉండిపోయాయి.

నాలుగింటికి ఆ నాలుగో పెట్టె బిడ్డ తల్లి వచ్చింది. చొక్కాలు కుట్టే అమ్మాయి, జుట్టులో దారప్పోగులు. పెట్టె మీదికి వంగి, "అమ్మలూ, నేనే" అంది. బిడ్డ కదల్లేదు. మళ్ళీ పిలిచింది. లేదు. అంతలో మూల నుంచి ఆయా, "జరగండి సిస్టరమ్మా, తడిగా ఉంది" అంది. బిడ్డ కళ్ళు తెరిచి అటు తిరిగింది.

తల్లి చూసింది. "మిమ్మల్నే గుర్తుపట్టింది పిన్నీ" అని నవ్వింది. ఏడ్చినా బాగుండేది.

ఆయా చేతిలో గుడ్డ ఆగిపోయింది. పిల్లల మాటల ఆకలి తీరుస్తున్నాననుకుంది ఇన్నాళ్ళూ. ఇంకొకరి కంచంలో చెయ్యి పెట్టినట్టయ్యింది.

అయిదింటికి తల్లులందర్నీ బయటికి పంపేశారు. అయిదున్నరకు సిస్టర్లు డ్యూటీ మారే హడావిడిలో ఉండగా, ఆయా మాసిన బట్టలు బయటికి పంపే వెనక తలుపు తీసి ఆ అమ్మాయిని లోపలికి లాగింది. మోచేతుల దాకా రెండుసార్లు కడిగించింది, ఉతికిన గౌను తొడిగింది, స్టూలు జరిపింది.

"ఏం మాట్లాడను పిన్నీ? నాకేం వచ్చు?"

"ఇవాళ ఏం కుట్టావో అదే చెప్పు. పరీక్షేమైనా రాస్తున్నావా?"

"ఆరు చొక్కాలు కుట్టానే అమ్మలూ. ఒకాయన మెడ బిగుతుగా ఉందని తిరిగి తెచ్చాడు. కొలతలిచ్చింది ఆయనే, లావయ్యింది ఆయనే, తిట్లు మాత్రం నాకు..."

ఆయా పెదవులు బిగపట్టి గోడవార నిలబడింది. ఆ గదిలో ఆమె నోరు మూసుకోవడం అదే మొదలు. చాలాసేపటికి బిడ్డ వేళ్ళు విచ్చుకున్నాయి. తల గడియారం ముల్లులా, కదిలిందో లేదో తెలియనంత మెల్లగా, చొక్కాల కబుర్ల వైపు తిరిగింది.

తలుపు దగ్గర పెద్ద సిస్టరు.

"ఇన్నేళ్ళు చేశావు, రూలు తెలీదా ఆయమ్మా?"

"రూలూ తెలుసు, దాని వల్ల ఏం పోతుందో కూడా తెలుసు సిస్టరమ్మా."

ఆ అమ్మాయిని బయటికి పంపారు. రేపటి నుంచి రావద్దని సూపర్వైజరు ఆయాకు చెప్పాడు. ఆమె గుడ్డ పిండి ఆరేసింది, బకెట్టు బోర్లించింది, ఏప్రాను మేకుకు తగిలించింది. పెట్టెల మధ్య నుంచి నడిచి వెళ్తూ వెళ్ళొస్తానని కూడా అనలేదు. నాలుగో పెట్టెలో ఆ తల మళ్ళీ తన వైపు తిరుగుతుందేమోనని భయం.

గడియ తియ్యండి. ఈ రోజే. సబ్బివ్వండి, గౌనివ్వండి, తల్లినో తండ్రినో పొద్దస్తమానం బిడ్డ పక్కన కూర్చోనివ్వండి. కుర్చీలు లేవంటారేమో, నాలుగో పెట్టె పక్కన ఒకటుంది చూడండి. కురచ కాలు కింద మడిచిన రబ్బరు ముక్కతో, ఖాళీగా.