కుడికి తిరిగే రివాల్వర్

ఓర్వల్ ప్రూయిట్ తూటాలు చేసే బల్ల వంటింట్లోనే ఉంది, అదీ భార్య వెల్డా రొట్టెల పిండి పిసికే చోటుకు జానెడు దూరంలో. వాడేసిన ఇత్తడి గొట్టాల్లో మందు నింపేవాడు. పైన ఆవగింజలంత సీసపు గుళ్లు పోసి, అట్టపెట్టెలోంచి కత్తిరించిన బిళ్ల మూత పెట్టి, అది ఊడిపోకుండా వెల్డా గోళ్ల రంగు పూసేవాడు. ఎర్ర రంగు. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో ఆమె గోళ్లకంటే ఆ తూటాలే ఎక్కువ సింగారించుకున్నాయి.

పశ్చిమ టెక్సస్‌లో తోకను గిలక్కాయలా మోగించే విషపు గిలకపాముల్ని కొట్టడానికి అలాంటి తూటాలే వాడతారు. గుళ్లు చెదిరి పాముకు తగులుతాయి, వెనకున్న రేకును మాత్రం చీల్చవు. రివాల్వర్‌లో ముందు పేలే రెండూ గుళ్లవి, తర్వాతి నాలుగూ అసలు గుండ్లు పెట్టుకోవడం అక్కడి అలవాటు.

ఆ జూలైలో పన్నెండు రోజులుగా గాలి లేదు. బావిలోంచి నీళ్లు తోడే గాలిమర కదలలేదు. ముప్పై ఆవులకూ ఇద్దరు మనుషులకూ రేకు ట్యాంకులో మిగిలిన నీళ్లే దిక్కు. సరిగ్గా దాని దిమ్మ కిందే గిలకపాము దూరింది. పార పట్టే సందు లేదు.

"నీ ఎర్రమూతి తూటాలు తియ్యవయ్యా," అంది వెల్డా. "ట్యాంకుకు చిల్లు పడిందో, ఆ బల్లనీ నిన్నూ కలిపి పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి వేస్తా."

"నా తూటా ఎప్పుడైనా తప్పిందా?"

"తూటా సంగతి కాదు. చెయ్యి సంగతి."

ఓర్వల్ మీసం దువ్వుకుని, పోయిన నెల సంతలో కొన్న కొత్త రివాల్వర్ తీశాడు. పాతదాంట్లో తూటాల చక్రం ఎడమకు తిరిగేది. ఇది కుడికి తిరుగుతుంది. ఎర్రమూతివాటిని మాత్రం ఇన్నాళ్ల అలవాటుకొద్దీ పాతవైపే పెట్టాడు.

ఢామ్మని పేలింది. పాము ఇంకా లోపలికి జరిగింది. ట్యాంకుకు చిల్లు పడి నీళ్లు ధారగా బయటికి దూకాయి.

"అయ్యబాబోయ్, గుండు ముందొచ్చింది!" అంటూ రివాల్వర్ నేలమీద పారేసి, ఓర్వల్ వెళ్లి బొటనవేలు ఆ చిల్లులో దూర్చాడు. ధార ఆగింది. కానీ అప్పటికే దిమ్మ కిందికి పారిన నీళ్లకు పాము బయటికొచ్చి, అతని బూటుకు మూరెడు దూరంలో చుట్ట చుట్టుకుని గిలక మోగించసాగింది.

"వెల్డా, కదలనా?"

"కదిలితే అది కాటేస్తుంది. వేలు తీస్తే నేను చంపుతా."

ఆమె రివాల్వర్ అందుకుని తూటాలన్నీ కిందికి దులిపింది. ఎర్రమూతివి రెండే ఏరి మళ్లీ పెట్టింది. కుడికా ఎడమకా అన్న గొడవ ఆమెకు పట్టలేదు, పేలేదాకా నొక్కుతూ పోదామనుకుంది. టక్. ఏమీ లేదు. టక్. ఓర్వల్ కళ్లు మూసుకుని, పాతికేళ్లుగా వెళ్లని చర్చిలో నేర్చిన ప్రార్థన మొదలెట్టి సగంలో మరిచిపోయాడు. పాము తల వెనక్కి లాగింది. మూడోసారి పేలింది.

పాము తల లేకుండా మెలికలు తిరిగింది. రేకుమీద నాలుగు చిన్న సొట్టలు, అంతే.

"చూశావా నా తూటా!" అని కేకేశాడు ఓర్వల్, వేలు తియ్యకుండానే.

వెల్డా రివాల్వర్ కింద పెట్టింది. నీళ్లు పోతే ఆవుల్ని అమ్ముకుని బతకొచ్చు, ఈ దద్దమ్మ పోతే తనకెవరున్నారు అన్న భయం అప్పుడు తన్నుకొచ్చింది. ఆ భయం పెట్టినందుకే మరింత మండింది.

"కదలకు," అని ఇంట్లోకెళ్లింది. అరగంటకు రెండు కప్పుల కాఫీతో వచ్చి బకెట్ బోర్లించుకుని కూర్చుంది. ఒక కప్పు అతని నోటికి అందించింది.

"వెల్డింగ్ అతనికి ఫోన్ చేశా. గురువారం వస్తాట్ట."

"ఇవాళ మంగళవారమే కదే!" అన్నాడు ఓర్వల్, చిల్లులోని వేలుకేసి చూస్తూ.

చిల్లుకు సరిపడా చెక్కిన మొక్కజొన్న బెండు ఆమె జేబులోనే ఉంది. ముందు కాఫీ తాగింది, తీరిగ్గా.