తొమ్మిదో రోజు ఫొటో

నేను ఒక కెమెరాని. పాతదాన్నే, కానీ మూలన పడేసేంత ముసలిదాన్ని కాను. ఎక్కడో థాయిలాండు ఫ్యాక్టరీలో, చేతులకి తొడుగులు వేసుకుని మూతికి గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. తరవాత పాలకొల్లులో పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు ఒకాయన నన్ను కొనుక్కుని, కొబ్బరికాయ కొట్టి, నెత్తిన కుంకుమ బొట్టు పెట్టాడు. ఆయన దగ్గర ఉన్నన్నాళ్ళూ మనుషుల వేషాలు చూసి నవ్వలేక చచ్చాను. సరిగ్గా తాళి కట్టే వేళకి "ఆగండాగండి, ఇటు చూడండి" అనేవాడు. పెళ్ళికొడుకు తాళి చేత్తో పట్టుకుని, ముహూర్తాన్ని గాలికొదిలేసి, నా వైపు తిరిగి పళ్ళికిలించేవాడు. కొత్త కెమెరా రాగానే ఆయన నన్ను అమ్మేశాడు. అలా తణుకులో సత్యవేణి చేతికి వచ్చాను.

సత్యవేణి భర్త తాతాజీ ఒక ప్రైవేటు స్కూలు బస్సు డ్రైవరు. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, గడప దాటే వీల్లేదు. అందుకని సత్యవేణి ఇంటి దగ్గరే సంపాదించాలనుకుంది. ముందుగదిలో వీధివాళ్ళకి పాస్‌పోర్టు ఫొటోలు తీసేది. చీరలమ్మే ఆడవాళ్ళు తెచ్చిన చీరలకి ఫొటోలు తీసేది. తీరిక దొరికితే ఎండబెట్టిన మిరపకాయలో, అత్తగారి ముడతల చేతులో తీసి, ఫొటోలు అమ్మిపెట్టే ఒక సైటులో పెట్టేది. అవి ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో ఆమెకి తెలిసేది కాదు. అమ్ముడైనట్టు ఫోనుకి కబురు మాత్రం వచ్చేది. వచ్చినప్పుడల్లా నన్ను కొంగుతో తుడిచి మురిసిపోయేది. ఇంత ప్రేమ నాకు పాలకొల్లులో దొరకలేదు, ఉన్నమాట చెప్తున్నాను.

అలా ఉండగా అత్తగారు కన్నుమూశారు. తాతాజీ ఒక్కడే కొడుకు. తలకొరివి పెట్టిన మనిషి పదో రోజు దాకా గడ్డం గీయకూడదు, ఒంటిపూట తినాలి, చాప మీద పడుకోవాలి. ఆయన అన్నీ చేశాడు కానీ జనం ముందు కంటతడి పెట్టలేదు. వచ్చేవాళ్ళకి కుర్చీలు వేయడంతోనే సరిపోయింది. తొమ్మిదో రోజు ఉదయం పెరటి గుమ్మంలో కూర్చుని, పాలు లేని టీ గాజు గ్లాసులో పట్టుకుని, ఉన్నట్టుండి భోరుమన్నాడు. ఏడ్చి ఏడ్చి, తల ఒక చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పక్కనుంచి లేత ఎండ పడుతోంది. సత్యవేణి నన్ను తెచ్చి చప్పుడు లేకుండా ఒక ఫొటో తీసింది.

నా బతుకులో అంత మంచి ఫొటో తీయలేదు. మాసిన గడ్డం, రేగిన జుట్టు, ఎర్రటి కళ్ళు, చేతిలో గ్లాసు. అమ్మ పోతే కొడుకు ఇలా ఉంటాడు అనిపించేలా వచ్చింది.

కొన్నాళ్ళకి దాన్ని సైటులో పెడతానంది. ఫొటోలోని మనిషి ఒప్పుకున్నట్టు సంతకం కావాలట.

"నా మొహం ఎవడు కొంటాడే, పిచ్చిమొహమా!" అని నవ్వుతూ సంతకం పెట్టేశాడు తాతాజీ.

"కొంటారు, చూడండి. అందులో అత్తయ్యగారి పోలికలు ఎంత బాగా వచ్చాయో" అందామె.

కొన్నారు. ఆ రోజు ఇంట్లో సేమ్యా పాయసం.

తరవాతి సంగతి ఆయన ఇంటికొచ్చి చెప్తుంటే విన్నాను. బస్టాండు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. మద్యం మానిపించే కేంద్రం కొత్తగా తెరిచారు, దాని ప్రకటన అది. బస్సులో పిల్లలు ఫ్లెక్సీ చూసి "డ్రైవరంకుల్, మీ ఫొటో!" అని ఒకటే గోల. ఆయనకీ ఒక్క క్షణం సంబరమే వేసిందట. ఈలోగా రెండో తరగతి పిల్లలు, కొత్తగా చదవడం వచ్చిన హుషారులో, కింద రాసింది కూడబలుక్కుని గట్టిగా చదివారు: "మీ ఇంట్లో... ఇలాంటి... తాగుబోతు... ఉన్నాడా?" ఆ తరవాత బస్సు స్కూలుకి ఎలా చేర్చాడో ఆయనకే తెలియదు.

చుక్క ముట్టని మనిషండీ! ఆ గడ్డం మైల గడ్డమని మా వీధిలో అందరికీ తెలుసు. కానీ ఆ స్కూల్లో పిల్లల్ని చేర్చిన వాళ్ళంతా మా వీధిలో ఉండరు కదా. ఎర్రటి కళ్ళు నేను చూపించగలను, ఎందుకు ఎర్రబడ్డాయో చెప్పలేను. ఇన్నాళ్ళూ నా అంత నిజం చెప్పేవాళ్ళు లేరని విర్రవీగాను.

"నువ్వు తాగవని నాకు తెలుసయ్యా తాతాజీ" అన్నాడట స్కూలు కరస్పాండెంటు. "కానీ పొద్దుట్నించీ నా ఫోను మోగుతానే ఉంది. పిల్లలెక్కే బండి కదా. కొన్నాళ్ళు ఇంటికాడ ఉండు."

సత్యవేణి ఆ కేంద్రానికి పరిగెత్తి కాళ్ళావేళ్ళా పడింది. మేం కొనుక్కున్నాం, మీ ఆయన సంతకం కూడా ఉంది అన్నారు వాళ్ళు. చివరికి జాలిపడి ఫ్లెక్సీ దించారు. అప్పటికే అది ఊరందరి ఫోనుల్లోకీ ఎక్కేసింది. స్కూలు నుంచి మళ్ళీ పిలుపు రాలేదు, బస్సులో వేరే డ్రైవరు కూర్చున్నాడు.

తాతాజీ కేకలేయలేదు. అది చూసే నాకు భయమేసింది.

"తిట్టండి. నోరు తెరిచి ఏదో ఒకటి అనండి" అని ఆమె ఏడ్చింది.

"మా అమ్మ కోసం ఏడిస్తే తాగుబోతునయ్యాను వేణీ. ఇంకేం అంటాను?" అన్నాడు.

మొన్న భీమవరంలో చేపల లారీకి డ్రైవరు కావాలని కబురొచ్చింది. దరఖాస్తుకి ఫొటో అడిగారు. ఆయన నున్నగా గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సత్యవేణి గబగబా ముందుగదిలో స్టూలు వేసి నన్ను బయటికి తీసింది.

"రండి, రెండు నిమిషాల పని" అంది.

ఆయన గుమ్మంలో ఆగాడు. నన్ను చూశాడు, ఆమెని చూశాడు.

"స్టూడియోలో తీయించుకుంటాలే వేణీ."

మెల్లగానే అన్నాడు, కోపం కూడా లేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. వీధిలో సగంమందికి ఫొటోలు తీసిన మనిషి నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆ స్టూలు మీదే కూలబడింది.

ఆ స్టూడియోలో కెమెరా ఎలాంటిదో నాకు తెలియదు. దాని ముందు ఆయన తలెత్తి కూర్చున్నాడో లేదో అడుగుదామన్నా, ఆమెకి నోరు రాలేదు, నాకు నోరు లేదు.