ముసుగు కింద జుట్టు

"ఆ వంకాయలు అలా వొగ్గేసి ఇలా రా. పెదబాబొచ్చేడు, ఆళ్ళమ్మ బొమ్మ సూపించు. చిన్న పనే," అని కేకేశాడు మా ఆయన గణపతిరావు. చోడవరంలో మా ఫ్లెక్సీ కొట్టు ఇంటి ముందుగదే. ఆయన చిన్న పనంటే నా అన్నం చల్లారిపోయేంత పని. తరిగిన ముక్కలు నీళ్ళలో వేయకుండానే లేచాను.

ఒకసారి పెళ్ళి డిజైన్లతో పాటు ఒక బొమ్మ ఫైలు వచ్చింది. బిందె దించుతున్న ఆడమనిషి, గాజు పలకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చిన ముప్ఫై ఏడు లేయర్లు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడల్లా కన్ను గుర్తు నొక్కి ఒక్కో లేయరూ మాయం చేసి చూసేదాన్ని. చెంప ఎరుపు కింద ఆకుపచ్చ ఉండేది. ఎరుపుకి ప్రాణం అక్కడినుంచి వస్తుందని నాకెవరు చెప్పారు? అన్నిటికీ అడుగున పెన్సిల్ గీతలు. బిందె పట్టిన చెయ్యి మూడుసార్లు తప్పింది, మళ్ళీ గీశారు. అలా కూర్చుని మూడుసార్లు తప్పు గీసుకునే తీరిక కోసం నా ప్రాణం కొట్టుకునేది. "కంప్యూటర్లో ఏటుందే నీకు? పప్పు అడుగంటతంది," అనేది మా అత్త దేముడమ్మ. "బయటికిచ్చే ఫైల్లో లేయర్లన్నీ కలిపెయ్యాలి, నేకపోతే మన పని ఎత్తుకుపోతారు," అని నేర్పింది మాత్రం మా ఆయనే.

బుచ్చయ్యపేట పెదబాబు తల్లి సంవత్సరీకానికి ఫ్లెక్సీ అడిగాడు. ఉన్నది ఓటరు కార్డు మీది మసక ముఖమొక్కటే. "బుగ్గ మీద సెరకాకు కోసిన గాటుండేదమ్మా," అని చెప్పాడు. మూడు రోజులు ఆ ముఖం గీస్తూ దానితోనే బతికాను.

ఇప్పుడు తెర మీద చూసి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "మాయమ్మే! ఎవులేసేరు బాబూ?"

"ఇంకెవులేత్తారు? నేనే," అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండానే.

"అయితే ఆ ముసుగు కాస్త ఎనక్కి జరుపు బాబూ. మాయమ్మకి జుట్టంటే సానా ఇష్టం."

"అదెంత పని!" మౌసు పట్టుకుని ముసుగు లాగాడు. ముసుగుతో పాటు ముఖం, గాటు, అమ్మ మొత్తం పక్కకి జరిగిపోయింది.

"లేయర్లేవే?" అన్నాడు గొంతు తగ్గించి.

"కలిపేశాను. మీరు నేర్పిందే."

లేయర్లున్న ఫైలు నా తాళాల గుత్తికున్న పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఆయన్ని లేవమని, నేను కూర్చుని ఆ ఫైలు తెరిచాను. ముసుగు లేయరు పక్కనున్న కన్ను గుర్తు మూశాను. నెరిసిన జుట్టు, నడిమి పాపిడి, చెవి వెనక జారిన పాయ, ఎవరూ చూడరని తెలిసీ నేను వేసి ఉంచినవన్నీ బయటపడ్డాయి.

పెదబాబు నా వైపు తిరిగాడు. "నువ్వేటమ్మా ఏసింది?"

"నేనే."

"ఒసే, వంకాయలు నల్లబడిపోతన్నాయే!" లోపల్నుంచి అత్త.

"నల్లబడనీ అత్తా. ఆ పాయ ఒకచోట తప్పింది, మళ్ళీ గీయాలి."