మేడ మీద రెండో మనిషి

శివనాగరాజుకి ఆదివారం లోపల ఒక మనిషి కావాలి. మంచివాడా, ఏ ఊరివాడు, ఏం తింటాడు, అవన్నీ తర్వాతి సంగతి. ముందు ప్రాణం ఉండాలి. ఇంటావిడ సామ్రాజ్యం గారు పెట్టిన షరతు అదొక్కటే మరి.

తెనాలి గంగానమ్మపేటలో ఆవిడ మేడ మీద గది, గదంటే గదే. తూర్పుకి పెద్ద కిటికీ, సొంత బాత్‌రూము, ఎప్పుడు తిప్పినా నీళ్ళొచ్చే కుళాయి. అయితే ఆవిడ ఒంటరి మనిషికి అద్దెకివ్వరు. మూడేళ్ళ కిందట ఆ గదిలో ఒకాయన ఒక్కడే ఉంటూ, బాత్‌రూములో జారి కాలు విరగ్గొట్టుకుని, రోజున్నర పాటు అక్కడే పడి ఉన్నాడు. ఆ రోజున్నరా కింద ఆవిడ హాయిగా పప్పు తాలింపు వేసుకుంటూ, టీవీ చూసుకుంటూ ఉన్నారు. ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ ముద్ద దిగదు.

“ఒకళ్ళు పడితే ఇంకొకళ్ళు అరవాలి నాగరాజూ,” అన్నారు. “పడ్డ చప్పుడు నాకు కిందకి వినపడదు. అరిస్తే వినపడుద్ది. నీతో ఉండే సుమన్ పెళ్ళి చేసుకుని పోయి నెలైంది. ఆదివారం పొద్దున మేడెక్కి చూస్తా. ఇద్దరుంటే సరే. లేదంటే నీ సామాను సర్దుకో, నన్నేం అనుకోవద్దు.”

సామాను సర్దుకుని ఎక్కడికి పోతాడు? కొల్లిపరలో అన్నయ్య ఇంట్లో ఇప్పటికే ఆరుగురు ఒకే హాల్లో పడుకుంటున్నారు. పైగా అక్కడ ఈ కిటికీ లేదు. శివనాగరాజు పనిచేసేది విగ్రహాల కార్ఖానాలో. పగలంతా అక్కడ పోయినవాళ్ళ ముఖాలు బంకమట్టితో నిలబెడతాడు. పనికి వెళ్ళే ముందు మాత్రం, ఆ తూర్పు కిటికీ వెలుతుర్లో కూర్చుని తనకి నచ్చిన ముఖాలు చేసుకుంటాడు. ఆకుకూరలమ్మే ఆవిడ, ఆటో స్టాండు మనుషులు, కోపంలో ఉన్న కండక్టరు. రోజు మొత్తంలో అతను అతనిలా ఉండేది ఆ గంటన్నరే. కిటికీ పోతుందంటే అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

ఇంతకీ గదిలో రెండో మనిషే లేడా అంటే, ఉన్నాడు. కుర్చీలో కూర్చుని, కండువా వేసుకుని, తలుపు వైపు చూస్తూ చిరునవ్వు నవ్వుతుంటాడు. ఫైబరుతో చేసి కంచు రంగు పూసిన మనిషి. ఆయనెవరో శివనాగరాజుకి తెలియదు. చేసింది మాత్రం అతనే.

అదో ఖర్మ. రేపల్లె దగ్గర పడవలూ చేపల వ్యాపారమూ ఉన్న కుటుంబం వాళ్ళు, పోయిన తమ పెద్దాయన మస్తాన్‌రావు గారి విగ్రహం చెయ్యమని ఫొటో పంపారు. ఫొటో ఉన్న ఫోను కాస్తా ప్లాస్టరు బకెట్లో పడింది. కొత్త ఫోనుకి మళ్ళీ పంపారు. ఏదో నొక్కబోయి ఏదో నొక్కి అదీ చెరిపేశాడు. మూడోసారి అడగడానికి మొహం చెల్లక, నెట్లో ‘మస్తాన్‌రావు శ్రద్ధాంజలి’ అని కొట్టాడు. అన్నిటికంటే ముందు ఒక బొమ్మ వచ్చింది. పూలదండ, అటూ ఇటూ దీపాలు, మధ్యలో నిండైన ముఖం, కింద ‘కీ.శే. మస్తాన్‌రావు గారు’ అని పేరు. ఇంకేం కావాలి? దణ్ణం పెట్టుకుని మట్టి పిసికాడు.

మామూలుగా అయితే మట్టి ముఖం పూర్తయ్యాక ఇంటివాళ్ళని పిలిచి చూపించాలి. ఆ పనిలో అది తప్పని ఆచారం. వాళ్ళొచ్చి ముక్కు లావైందంటారు, మా నాన్న కళ్ళు ఇంత చిన్నవి కావంటారు, కాసేపు ఏడుస్తారు, సరేనంటారు. అప్పుడే అచ్చు తియ్యాలి. కాని వాళ్ళ పెద్ద కొడుకు వేటకెళ్ళే హడావిడిలో ఉండి, “నీ చెయ్యి మాకు తెలీదా అన్నా, కానిచ్చెయ్” అన్నాడు. ఇతనూ కానిచ్చేశాడు. తీరా బండి తీసుకొచ్చిన రోజున మస్తాన్‌రావు గారి భార్య దుర్గమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విగ్రహం ముందుకొచ్చి, ఏడవబోయి ఆగిపోయింది.

“ఈయనెవరయ్యా?” అంది.

కార్ఖానా యజమాని తిట్టని తిట్టు లేదు. మస్తాన్‌రావు గారిని కొత్తగా చేయించి పంపాక, శివనాగరాజుని పిలిచి, “నీ తప్పుని తీసుకెళ్ళి నీ ఇంట్లో పెట్టుకో, నాకిక్కడ చోటు లేదు” అన్నాడు. నలుగురు కలిసి మేడెక్కించారు. సామ్రాజ్యం గారు మెట్ల దగ్గర నిలబడి చూసి, “రెండో మనిషి ఇతనేనా? అరుస్తాడా?” అన్నారు. ఆవిడకి వెటకారం పాలు కాస్త ఎక్కువే.

గురువారం నాడు శివనాగరాజు గది ఫొటో తీసి, ‘తెనాలిలో గదులు’ అని నెట్లో ఉన్న ఒక గుంపులో పెట్టాడు. ‘రూమ్మేటు కావలెను. గాలీ వెలుతురూ బాగుండును. గట్టిగా అరవగలిగినవారికి ప్రాధాన్యం.’ మూలనున్న పెద్దాయన కూడా ఫొటోలో పడ్డాడు. జరపడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

ఫోన్లయితే వచ్చాయి. ఒకతను, పెద్దాయనకి బీపీ, షుగరు ఉన్నాయా, మందులు నేనే ఇవ్వాలా అని అడిగాడు. వినోద్ కుమార్ అని కంప్యూటర్లు బాగుచేసేవాడొకడు స్వయంగా గది చూడటానికి వచ్చాడు. గదంతా నచ్చింది. విగ్రహానికి నమస్కారం పెట్టి, “అంకుల్ ఒప్పుకుంటే నాకు ఓకే” అని, ఆయన జవాబు కోసం మర్యాదగా ఎదురుచూశాడు. చూడగా చూడగా అంకుల్ రెప్ప వెయ్యడం లేదని కనిపెట్టి, చెప్పులు కూడా వదిలేసి మెట్లు దిగాడు. అలా శుక్రవారం గడిచిపోయింది.

శనివారం మధ్యాహ్నం ఇంకో ఫోను. దూది లాంటి గొంతు.

“ఏవండీ, మీకు ఇబ్బంది లేకపోతే ఒక్క మాట అడగొచ్చాండీ?”

“అడగండి బాబాయ్ గారూ,” అన్నాడు శివనాగరాజు.

“మీ గదిలో నేను కూర్చుని ఉన్నానేంటండీ?”

సాయంత్రం పాసింజరుకి ఆయన బాపట్ల నుంచి దిగాడు. శివనాగరాజు తలుపు తీసి, గబుక్కున వెనక్కి తిరిగి కుర్చీ వంక చూశాడు. కుర్చీలో ఉన్నాయన కుర్చీలోనే ఉన్నాడు. గుమ్మంలోనూ ఉన్నాడు.

పేరు పూర్ణచంద్రరావు. ఎరువుల గోడౌన్లో గుమాస్తా, యాభై రెండేళ్ళ బ్రహ్మచారి. విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగి, భుజం మీద మెల్లగా తట్టి చూశాడు.

“నాకంటే బాగున్నానండీ,” అన్నాడు. “చాలా శ్రద్ధగా చేశారు.”

శివనాగరాజు సిగ్గుతో చితికిపోయి, జరిగిందంతా చెప్పేశాడు. ఆయన ఇసుమంతైనా ఆశ్చర్యపోలేదు.

“మీ తప్పేం లేదు బాబూ. మా మేనల్లుడు అభిరామ్‌కి బాపట్లలో ఫ్లెక్సీల షాపుంది. శ్రద్ధాంజలి డిజైనొకటి చేసి, మోడలుకని నా ఫొటో పెట్టి, నలుగురికీ పనికొస్తదని నెట్లో ఉచితంగా వదిలాడు. పేరు మార్చుకోవాలి, ఫొటో మార్చుకోవాలి. జనం పేరు మారుస్తారు, ఫొటో మర్చిపోతారు.”

జేబులోంచి ఫోను తీసి, ‘నేను’ అని పేరు పెట్టుకున్న ఫోల్డరు విప్పాడు. అరవై మూడు బొమ్మలున్నాయి.

“ఇది నర్సీపట్నంలో పోయినప్పటిది. ఇది కదిరి. ఇక్కడ నాకు ఇరవై నాలుగేళ్ళేనండీ, అకాల మరణం. ఇది చూడండి, ఇక్కడ జ్ఞానమ్మ గారి పేరు మీద పోయాను. కింద మనవలూ మనవరాళ్ళ పేర్లు కూడా వేశారు, పన్నెండు మంది.”

ప్రతి బొమ్మ కిందా బారులు తీరి ‘ఓం శాంతి’లు. అన్నిచోట్లా చివర్లో ఒకే జవాబు: ‘ధన్యవాదాలండీ, పూర్ణచంద్రరావు.’

“ఇది మీరే పెట్టారా?”

“అంతమంది బాధపడతా ఉంటే పలక్కపోతే ఏం బాగుంటది?”

“నేను బతికే ఉన్నానని చెప్పొచ్చు కదండీ బాబూ!” శివనాగరాజుకి ఒళ్ళు మండింది.

“చెబుదామనే అనుకుంటానండీ. కాని ఆ ఇంట్లో నిజంగానే ఎవరో పోయి ఉంటారు కదా. ఆ టైములో మధ్యలో నా గొడవేంటి?”

అసలు కష్టం ఆ తర్వాత చెప్పాడు. ఒకటో తారీకు నుంచి ఆయన్ని తెనాలి గోడౌనుకి మార్చారు. తెల్లారకముందే లారీలు వస్తాయి, బాపట్ల నుంచి అందుకోలేడు. తొమ్మిది ఇళ్ళు తిరిగాడు. తొమ్మిది చోట్లా ఒకటే తంతు. మిమ్మల్ని ఎక్కడో చూశామంటారు, కూర్చోమంటారు, కాఫీ కలపడానికి లోపలికెళ్ళి ఎక్కడ చూశారో గుర్తు తెచ్చుకుంటారు. ఆ కాఫీ ఇక రాదు. నాజరుపేటలో అయితే ఆయన ఇంకా వీధి మలుపు తిరగకుండానే గుమ్మానికి నిమ్మకాయలు కట్టారు.

“తొమ్మిదో ఇంటి కాడికి వచ్చేసరికి నాకే అనుమానం వచ్చిందండీ,” అని నవ్వాడు.  శివనాగరాజు రెండో మంచం మీది సామాను తీసి కింద పెట్టాడు.

“మీరిక్కడే ఉండిపోండి బాబాయ్ గారూ. రేపు పొద్దున ఇంటావిడ వస్తారు, అంతే, ఇక మీకేం భయం లేదు,” అన్నాడు.

ఆదివారం తొమ్మిదింటికి సామ్రాజ్యం గారు మెట్లెక్కి వచ్చారు. కుర్చీలో ఆయన్ని చూశారు, మంచం మీద ఆయన్ని చూశారు. లెక్కల టీచరుగా రిటైరైన మనిషి, దేన్నీ తొందరపడి నమ్మరు.

“మీరు పోయారు కదండీ,” అన్నారు.

“అవునండీ,” అన్నాడు పూర్ణచంద్రరావు అలవాటు కొద్దీ. వెంటనే నాలిక్కరుచుకుని, “లేదండీ” అన్నాడు.

“మా రిటైర్డ్ టీచర్ల గుంపులో వచ్చింది. నేను మూడు దణ్ణాలు కూడా పెట్టా. ఒకావిడ ఏడ్చింది.”

“ధన్యవాదాలండీ.”

“ఏంటి ధన్యవాదాలు! నేను ఏటేటా మిషన్లో కన్ను పెట్టి బతికున్నానని చూపించుకుంటేగాని నాకు పింఛను రాదు. ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన నన్నే నమ్మట్లేదు, నిన్నగాక మొన్న పోయిన మిమ్మల్ని నేనెట్టా నమ్మేది?”

“పిన్నిగారూ, ఇందాక నా కళ్ళముందే నాలుగిడ్లీలు తిన్నారు,” అన్నాడు శివనాగరాజు.

“తినడం ఎవరికైనా వచ్చుద్ది అబ్బాయ్. అరవడం వచ్చా? నాక్కావాల్సింది అది. నువ్వెళ్ళి బాత్‌రూములో పడు. ఈయన అరవాలి. నేను కింద వరండాలో కూర్చుంటా. వినపడితే గది మీది. వినపడకపోతే ముగ్గురూ ఖాళీ చెయ్యండి.”

ఆవిడ చరచరా దిగిపోయారు. శివనాగరాజు వెళ్ళి తడినేల మీద వెల్లకిలా పడుకున్నాడు. కిటికీ, వెలుతురు, అన్నీ ఇప్పుడు ఈ దూది గొంతు మీద వేలాడుతున్నాయి.

పూర్ణచంద్రరావు గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకున్నాడు. “అమ్మగారూ, ఏమీ అనుకోకపోతే, ఇక్కడ అబ్బాయి పడ్డాడండీ.” ఆ మాట మెట్ల దాకా కూడా పోలేదు.

“గట్టిగా బాబాయ్ గారూ!”

“అలవాటు లేదు బాబూ. గోడౌన్లో కూడా నా బదులు హమాలీలే అరుస్తారు.” మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి గాలే వచ్చింది.

“ఏం వినపడ్లా!” అని కింద నుంచి సామ్రాజ్యం గారి కేక. అది మాత్రం వీధి చివరిదాకా వినపడింది. “పోన్లే నాగరాజూ, వదిలెయ్. పోయినాయన్ని ఇబ్బంది పెట్టకు, పాపం!”

ఆ ‘పాపం’ ఎక్కడ తగిలిందో గాని, పూర్ణచంద్రరావు మొహం ఎర్రబడింది.  పిట్టగోడ దాకా పరుగెత్తాడు.

“నేను పోలేదండీ!”

వీధిలో సైకిలు మీద పోయేవాడు కాలు కింద పెట్టాడు.

“నర్సీపట్నంలో పోలేదు! కదిరిలో పోలేదు! నేను జ్ఞానమ్మ గారిని కానండీ! నాకు మనవలు లేరు! మీరెవరూ ఏడవద్దు! నేను బతికే ఉన్నాను, నాకో గది ఇవ్వండి!”

టిఫిన్ బండి దగ్గరవాళ్ళు ప్లేట్లతో సహా మేడ కిందకి వచ్చేశారు. ఎదురు డాబా మీద బట్టలారేస్తున్న నూర్ బీ, చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని, “వినపడింది భాయ్, ఉన్నావులే!” అంది. సామ్రాజ్యం గారు రెండు చెవులూ మూసుకుని, “గది మీదే! గది మీదే! ఇక ఆపండి మహానుభావా!” అని మొత్తుకుంటున్నారు. ఆయనకి మొదలుపెట్టడమే ఇంతకాలం పట్టింది, ఆపడం ఎక్కడ తెలుస్తుంది? అరవై మూడు ఊళ్ళూ వరసగా చెప్పుకుంటూ పోతున్నాడు.

ఆ గోలలో శివనాగరాజుని అందరూ మర్చిపోయారు. గది దక్కిందన్న సంబరంలో గబాల్న లేవబోయి, అతను నిజంగానే జారాడు. నడుం పట్టేసింది. “బాబాయ్ గారూ! పడ్డానండీ!” అని అరిచాడు. ఎవరికి వినపడుద్ది? పైకప్పు చూస్తూ పడి ఉన్నాడు.

ఊళ్ళు అయిపోయాక, గొంతు పూర్తిగా పోయాక, పూర్ణచంద్రరావు లోపలికొచ్చి చూసి, హడలిపోయి చెయ్యందించాడు.

శివనాగరాజు ఆ చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగా, చెమటతో తడిసి ఉంది. చిటికెన వేలు వంకర. అరచేతిలో బస్తాల కొక్కెం గీరిన పాత మచ్చ. నెట్లో దొరికిన ఫొటోలో ఆయన భుజాల దాకానే ఉన్నాడు. విగ్రహానికి పెట్టినవి కార్ఖానాలో అందరికీ పెట్టే చేతులే, నున్నగా, బొద్దుగా, ఎవరివీ కానివి. ఇన్నాళ్ళూ ఈ మనిషి ముఖాన్ని అంత శ్రద్ధగా పిసికాడే, ఈయనకి చేతులుంటాయన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చిందా? అతనికి చెప్పలేనంత సిగ్గేసింది.

“దెబ్బ తగిలిందా బాబూ? లే,” అన్నాడు పూర్ణచంద్రరావు, గొంతు రాక, పెదవులతోనే.

“ఒక్క నిమిషం బాబాయ్ గారూ, చెయ్యి అలాగే ఉంచండి,” అన్నాడు శివనాగరాజు నేల మీద నుంచే, ఆ వేళ్ళని ఒక్కొక్కటే చూసుకుంటూ.